అనుమానం పాలైన చిప్‌లు

కళ్లద్దాలు అరగదీసే యంత్రాలకు మెదడు తయారుచేసే కార్ఖానా అది. ఆ మెదడును నడిపే సిస్టం రాసేది బుజ్జమ్మ. ముప్పై దాటినా అక్క పెట్టిన ఆ ముద్దుపేరు ఆమెను వదల్లేదు. చిప్‌లు కొనుక్కొచ్చేది ఆ అక్క మొగుడు, అంటే ఆమె బావ.

పాత చిప్‌లకు దశాంశాల లెక్క రాదు. అలాంటి లెక్క తగిలినప్పుడల్లా సిస్టమే పట్టుకుని, బుజ్జమ్మ రాసిన ప్రోగ్రాంతో కిందా మీదా పడి చేసిపెట్టేది. ఒక్కో అద్దానికి తొమ్మిది నిమిషాలు. కొత్త చిప్‌లకు ఆ లెక్క పుట్టుకతోనే వచ్చు, రెండు నిమిషాల్లో తేల్చేస్తాయని బావ ఊదరగొట్టి కొనిపించాడు. తీరా పెట్టి చూస్తే మళ్లీ తొమ్మిదే! అర నిమిషం తగ్గితే ఒట్టు.

ఇంకేముంది, బుజ్జమ్మ మనసును పురుగు తొలవడం మొదలుపెట్టింది. లెక్క రాని చిప్‌లే అంటగట్టారన్నమాట, సిస్టం గుట్టుగా కప్పిపుచ్చుతోందన్నమాట. ఇదంతా బావకు తెలియకుండానే జరిగిందా? తను గదిలోకి రాగానే ఫోన్ పెట్టేస్తాడేం? చిప్‌ల పెట్టెను బీరువాలో పెట్టి తాళం వేస్తాడేం? ఆయన నవ్వితే ఒక అనుమానం, నవ్వకపోతే ఇంకొకటి. ఉండబట్టలేక అక్క చెవిన వేసింది. అక్క రెండు రోజులుగా మొగుడితో మాట మానేసింది. ఆనక బుజ్జమ్మ ఓనరు చెవినా వేసింది. నిజమని తేలితే ఈ పూటే అతన్ని ఇంటికి పంపేస్తానన్నాడాయన.

పరీక్ష తేలికే. సిస్టంలోంచి బుజ్జమ్మ ప్రోగ్రాం తీసేస్తే చాలు, లెక్క రాని చిప్ అయితే మొదటి దశాంశం దగ్గరే యంత్రం ఆగిపోతుంది. ఓనరూ బావా బల్లకు అటువైపు నిలబడ్డారు. ఆమె ప్రోగ్రాం తీసేసి, యంత్రం మొదలయ్యేటప్పుడు చదువుకునే ఫైలు తెరిచింది.

అందులో ఒక వరుస ఉంది: చిప్‌కు లెక్క వచ్చినా చేయనివ్వొద్దు. పక్కనే తన పేరు. కొత్త చిప్‌ల మీద కూడా తన ప్రోగ్రాం నడుస్తుందో లేదో చూద్దామని, అవి వచ్చిన రోజున తనే రాసి, తీయడం మరిచిపోయింది.

ఇప్పుడు మీట నొక్కితే యంత్రం ఆగుతుంది, బావ ఉద్యోగం ఊడుతుంది. వరుస చెరిపేసి నొక్కితే యంత్రం పరుగెడుతుంది, తన తప్పు ఎవరికీ తెలియదు. తెర వాళ్లకు కనబడటం లేదు.

"వారం నుంచీ అమ్మినవాడితో ఫోన్లో పోట్లాడుతూనే ఉన్నానండీ," అంటున్నాడు బావ ఓనరుతో. "వెనక్కిచ్చేద్దామనే పెట్టెకు తాళం వేశాను. మా మరదలు పనిలో తప్పుండదు."

బుజ్జమ్మకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. తెరను వాళ్ల వైపు తిప్పింది.

"చిప్‌లు మంచివే బావా. లెక్క చేయకుండా ఆపింది నేను."

ఓనరు ఆ వరుసను రెండుసార్లు చదివాడు. ఆమె దాన్ని చెరిపి మీట నొక్కింది. రెండు నిమిషాలు తిరక్కుండానే అద్దం బయటికొచ్చింది. ఎవరూ దాన్ని చేతిలోకి తీసుకోలేదు.

"మీ అక్కతో చెప్పింది నువ్వేనా?" అన్నాడు బావ.

అవునంది. తిడతాడేమోనని ఎదురుచూసింది, తిడితే బాగుండుననుకుంది. ఆయన ఆమె వైపు చూడనే లేదు.

"ఇకమీదట నేను కొన్నవి ఈవిడ చేత పరీక్ష చేయించకండి," అన్నాడు ఓనరుతో.