స్ప్రింగు మీద అనుమానం

గరివిడిలో మూడో పాట మధ్యలో యమున వాయిస్తున్న బాస్ డ్రమ్ము ఒక దెబ్బ మింగేసింది.

డ్రమ్స్ సెట్టులో అన్నిటికన్నా పెద్దది అదే. దాన్ని చేత్తో కాదు, కుడికాలితో వాయించాలి. పెడల్ తొక్కగానే గుండుతల పుల్ల ఒకటి వెళ్ళి డ్రమ్మును కొట్టి, స్ప్రింగు లాగితే వెనక్కొచ్చి రెండో దెబ్బకు సిద్ధంగా నిలబడాలి. ఆ వేళ అది వెళ్ళి కొట్టి, అక్కడే అతుక్కుపోయింది. రెండు దెబ్బలు పడాల్సిన చోట ఒకటే పడింది. మైకు పట్టుకుని పాడుతున్న మురళీమోహన్ ఉలిక్కిపడి వెనక్కి చూశాడు. పాట అయ్యేలోపు అలా మరో మూడుసార్లు జరిగింది. పన్నెండేళ్ళుగా వాయిస్తున్న యమునకు ఒళ్ళంతా చెమటలు పట్టాయి.

మురళీమోహన్ ఆమె పెదనాన్న కొడుకు. ఆర్కెస్ట్రా అతనిదే. స్టేజీ దిగీదిగకుండానే విరుచుకుపడ్డాడు.

"ఏటైనాదే నీకు? నిద్దరోతన్నావేటి? నాను గొంతు సించుకుని పాడతంటే ఎనకాల తాళం నేదు!"

"నా తప్పు కాదన్నియ్యా. స్ప్రింగు పోయినాది. పుల్ల తిరిగి రాట్లేదు."

"అయితే మంచిది సూసి కొను. పదిరోజుల్లో సికాకుళంలో పోగ్రాం. అక్కడిలాగైతే మళ్ళీ మనల్నెవడూ పిలవడు."

యమున విజయనగరంలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతుంది. మర్నాడు స్కూలు నుంచి రాగానే స్ప్రింగు మార్చింది, కీళ్ళకు నూనె వేసింది. దెబ్బ మింగడం మానలేదు. తెలిసినవాళ్ళ దగ్గర ఇంకో పెడల్ అడిగి తెచ్చుకుంది. అదీ అంతే. ఈ రోజుల్లో చేసే సరుకేదీ నమ్మడానికి లేదని తిట్టుకుంటూ, శనివారం మధ్యాహ్నం భీమశంకరరావు గారి షాపుకు వెళ్ళింది.

ఆయన ఒకప్పుడు జిల్లా అంతా తిరిగి డ్రమ్స్ వాయించిన మనిషి. ఇప్పుడు మూడు లాంతర్ల జంక్షన్ దగ్గర సందులో వాయిద్యాలు అమ్ముతూ, బాగుచేస్తూ ఉంటారు. అందరూ మేస్టారనే పిలుస్తారు. యమున చెప్పిందంతా విని, మూడు పెడళ్ళు తెచ్చి ముందు పెట్టారు.

"నమ్మకమైన పెడలంటే మెరిసేది కాదమ్మా. ఇలా పట్టుకుని పక్కకు కదుపు. టకటకమంటే కీలు వదులన్నమాట, వద్దు. పుల్లను వేలితో లాగి వదిలెయ్యి. ఉయ్యాల్లాగా ఊగి ఊగి, చప్పుడు లేకుండా ఆగాలి. మధ్యలో ఠక్కున ఆగిందంటే లోపల ఎక్కడో రాపిడి ఉంది. డ్రమ్ము అంచును ఎంత గట్టిగా పట్టుకుంటుందో కూడా చూడాలి. ఎంత ఖరీదైనదైనా సగం పాటలో జారిపోతే ఎందుకు?"

మూడింటినీ అలాగే పరీక్షించారు. మూడూ నిలిచాయి. యమున కూర్చుని మొదటిది వాయించింది. ఎనిమిదో దెబ్బ దగ్గర పుల్ల అతుక్కుపోయింది. రెండోది వాయించింది. అతుక్కుపోయింది. మూడోదానికి ఓపిక నశించింది.

"ఇదీ పనికిరాదు మేస్టారూ. ఇంకోటి సూపించండి."

ఆయన ఆమెను లేవమని చెప్పి తాను కూర్చున్నారు. డెబ్భై ఏళ్ళ ఆ కాలు మూడు పెడళ్ళ మీదా గుర్రంలా పరిగెత్తింది. ఒక్క దెబ్బ తప్పలేదు.

యమున ముఖం మాడిపోయింది. పన్నెండేళ్ళు వాయించి వాయించడం మరిచిపోయిందా?

"చెప్పులు విప్పి ఇక్కడ కూర్చోమ్మా," అన్నారాయన. "మడమలు నేలకానించి ఉంచు. ఇప్పుడు ముందరి పాదాలు పైకెత్తు. రెండూ."

ఇదేం పరీక్ష అని నవ్వుతూనే ఎత్తింది. ఎడమ పాదం లేచింది.

కుడిది లేవలేదు.

యమున నవ్వు ఆగిపోయింది. మళ్ళీ ఎత్తబోయింది. తొడ బిగిసింది, మోకాలు కదిలింది. పాదం మాత్రం ఎవరో అక్కడ పెట్టి మరిచిపోయిన వస్తువులా గచ్చు మీద పడి ఉంది. ఎత్తు, ఎత్తు అని లోపల ఎంత గట్టిగా అరిచినా ఆ మాట మోకాలు దాటి కిందికి పోవడం లేదు. వంగి పాదం పైభాగాన్ని గోటితో గీరుకుంది. మందపాటి గుడ్డ మీద గీరినట్టుంది.

"మేస్టారూ, నా కాలికి ఏటైనాది?"

"తొక్కడం నీకు బాగానే వస్తోందమ్మా. ఎత్తడమే రావట్లేదు. ఇందాకటి నుంచి నీ పాదమే పెడల్‌ని నొక్కిపెట్టి ఉంచుతోంది. స్ప్రింగు ఏం చేస్తుంది చెప్పు?"

అప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. స్కూలు మెట్ల మీద చెప్పు ఊడిపోతే, మూడు మెట్లు ఎక్కాక గాని తెలియలేదు. చెప్పు వదులైందనుకుంది. బస్సెక్కబోతూ ముందుకు తూలింది. మెట్టు ఎత్తుగా ఉందనుకుంది. రెండు వారాలుగా కాలు చెబుతున్నదంతా ఆమె వేరేవాటి మీదికి నెట్టేసింది.

భీమశంకరరావు గారు షట్టరు దించి ఆటో పిలిచారు. ఆటోలో యమున తన కుడిపాదాన్ని చూస్తూనే కూర్చుంది. పక్షవాతమేమోనన్న మాట నోటిదాకా వచ్చింది గాని, పైకి అంటే నిజమైపోతుందేమోనని పెదవి కొరుక్కుంది.

నరాల డాక్టరు రాధిక గారు అరగంట సేపు పరీక్ష చేశారు. మోకాలికి వెలుపలి పక్క ఎముక కింద వేలితో చిన్నగా తట్టేసరికి, పాదం దాకా కరెంటు పాకినట్టై యమున కెవ్వుమంది.

"పక్షవాతం కాదు," అన్నారు డాక్టరు. "పాదాన్ని పైకి లేపే నరం ఇక్కడ చర్మం కిందే వెళ్తుంది. అది నలిగింది. ఈ మధ్య ఎక్కువసేపు గొంతుక్కూర్చున్నారా?"

దసరా సెలవులకు కోటబొమ్మాళిలో అమ్మ దగ్గరికి వెళ్ళింది. వేరుశనగ పంట పీకారు. కూలీలు దొరక్క, తల్లీకూతుళ్ళిద్దరూ పొద్దున్న నుంచి పొద్దుగూకే దాకా గొంతుక్కూర్చుని మొక్కల నుంచి కాయలు తెంపారు. ఎనిమిది రోజులు.

"అమ్మ కూడా కూకున్నాది కదండీ," అంది యమున నమ్మలేక. "ఆవిడకేటీ అవలేదే?"

"మీ అమ్మగారికి ఏళ్ళ అలవాటు. మీరు ఏడాదికోసారి కూర్చున్నారు. కొందరికి అలా నలుగుతుంది."

"మళ్ళీ వస్తాదా డాక్టరుగారూ?"

"చాలామందికి వస్తుంది. వారాలు పట్టొచ్చు, నెలలు పట్టొచ్చు. రోజు మాత్రం చెప్పలేను."

పాదం వేలాడిపోకుండా ఒక పట్టీ, చేయాల్సిన వ్యాయామాలు రాసిచ్చారు. గొంతుక్కూర్చోవద్దన్నారు, కాలు మీద కాలు వేసుకోవద్దన్నారు.

ఇంటికొచ్చి అమ్మకు ఫోన్ చేసింది. తల్లి తవిటమ్మ నోరు ఊరంతటికీ తెలుసు. అలాంటి మనిషి విషయం విని ఎంతసేపటికీ పలకలేదు. లైను తెగిందేమో అనుకుంది యమున.

"అమ్మా, ఉన్నావా?"

"నానే రమ్మన్నానే," అంది చివరికి, సన్నగా. "నాను రమ్మంటేనే వచ్చినావు. నా సేను నీ కాలు తినీసినాదేటే?"

"సేనేటి సేస్తాదమ్మా. తగ్గిపోతాదన్నారు."

మర్నాడు పొద్దున్న బండికే తవిటమ్మ విజయనగరంలో దిగింది. కూతురి కాలు ఒళ్ళో పెట్టుకుని, మొండికేసిన దూడను అదిలించినట్టు "లెగు, లెగిస్తావా నేదా" అని ఆ పాదాన్నే గదమాయించింది.

సాయంత్రం మురళీమోహన్ వచ్చాడు. పట్టీ చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"నాను అందరి ముందూ తిట్టీసినాను గదే," అన్నాడు. "సికాకుళం మానేద్దుము. ఫోన్ సేసి సెప్పీస్తాను."

"ఎడమకాలు బాగానే ఉన్నాది కదా," అంది యమున. ఆ మాట తన నోట్లోంచి వచ్చాక గాని తాను అలా ఆలోచిస్తున్నట్టు ఆమెకే తెలియదు.

మళ్ళీ షాపుకు వెళ్ళింది. ఈసారి ఎంపిక వేరు. ఎడమకాలు ఎప్పుడూ సెట్టు పక్కనుండే జంట ఇత్తడి తాళాల్ని మూసి తెరిచే పని తప్ప ఎరగదు. భీమశంకరరావు గారు రెండో పెడల్‌నే తీశారు. మెరుపు లేదు గాని తొక్కే పలక వెడల్పు, కీలు గట్టిది. స్ప్రింగు బిగువు సగానికి తగ్గించి, తొక్కమని, చూసి, పావు చుట్టు తిప్పి, మళ్ళీ తొక్కమన్నారు. గంటసేపు అదే పని.

"కాలికి తెలియకుండా పనిచేయాలమ్మా. వాయించేటప్పుడు పెడల్ గుర్తొచ్చిందంటే అది నీకు సరిపడనిదే."

తాళాల్ని మూసి బిగించేసి, పెడల్‌ని ఎడమకు జరుపుకుని ఆరు రోజులు సాధన చేసింది. మొదటి రోజు ఎడమకాలు తొక్కబోయిన ప్రతిసారీ ఎడమచెయ్యి కూడా పడింది. విసిగి చేతుల్లోని డ్రమ్ము పుల్లలు విసిరికొట్టింది. తవిటమ్మ వాటిని ఏరి తెచ్చి చేతిలో పెట్టింది.

శ్రీకాకుళంలో మురళీమోహన్ వేగమైన పాటలు నాలుగు తీసేశాడు. మిగతావి యమున వాయించింది. అలంకారాలు లేవు, తిన్నగా వాయించింది. రెండో పాటలో ఒకచోట తొందరపడింది. అతను గొంతుతో ఆమెను అందుకున్నాడు. దెబ్బ మాత్రం ఒక్కటీ మింగలేదు. చివర చప్పట్లు పడుతుంటే లేచి నిలబడబోయి, పట్టీ ఉన్నా ఆ పాదమే తట్టుకుని పడబోయింది. కిందున్నవాళ్ళు నమస్కారం పెడుతోందనుకుని ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు.

వారాలు గడిచాయి. రోజూ వ్యాయామం, రోజూ పాదం మౌనం. పైకి అనకపోయినా యమున ఆశ వదిలేసుకుంది. ఏడో వారంలో ఒక ఆదివారం పొద్దున్న, స్టవ్ మీద అన్నం ఉడుకుతుండగా, నేల మీద కాలు చాపుకుని ఎప్పటిలాగే లెక్కపెడుతూ ఎత్తబోతోంది. ఎదురుగా వంకాయలు తరుగుతున్న తవిటమ్మ చేతిలో కత్తి ఆగింది.

"ఒసే. కదిలినాది."

"నేదమ్మా. నీ బెమ."

"మళ్ళీ ఎత్తు. బొటనేలు సూడు."

యమున కళ్ళు అక్కడే పెట్టి, ఊపిరి బిగబట్టి ఎత్తింది. బొటనవేలు బియ్యపుగింజంత లేచి, వణికి, పడిపోయింది.

మళ్ళీ ఎత్తింది. మళ్ళీ లేచింది. తల్లి ఆ వేలిని ముట్టుకోబోయి, ముట్టుకుంటే ఏమవుతుందోనని చెయ్యి వెనక్కి తీసుకుంది. గంజి పొంగి స్టవ్ ఆరిపోయి గ్యాసు వాసన వచ్చేదాకా ఇద్దరూ అక్కణ్ణుంచి కదలలేదు.