కడగని పెంకులు

తొట్టిలో నీళ్ళు మూడోసారి మార్చి, ఆమె ముంజేయి ముంచి చూసింది. మరీ చల్లగా ఉంటే మట్టి వదలదు, మరీ వేడిగా ఉంటే పెంకు మీది రంగు వదులుతుంది. పసిపిల్లకు నీళ్ళు పోసేముందు చూసుకునేంత వేడి ఉంటే చాలు. ఎడమచేత్తో పెంకు పట్టుకుంది, కుడిచేత్తో బ్రష్షు. ముందు లోపలి వైపు, తరవాత పైవైపు, ఆఖరున విరిగిన అంచులు. అంచుల దగ్గరే ఆమె ఎక్కువసేపు ఆగేది. అక్కడ ఆవగింజంత మట్టి మిగిలినా ఆ ముక్క పక్కముక్కతో అతకదు. కడిగినదాన్ని జల్లెడలాంటి ట్రే మీద బోర్లించి, తడిచెయ్యి చీరకొంగుకు కాక భుజం మీది తువ్వాలుకే తుడుచుకుని, ఇంకో పెంకు అందుకుంది.

ముప్ఫైనాలుగేళ్ళుగా ఇదే పని. రిటైరవడానికి ఇంకా పన్నెండు రోజులుంది.

పొద్దున బయల్దేరుతుంటే భర్త కుట్టుమిషను ముందు కూర్చుని, సూదిలో దారం ఎక్కిస్తూ రోజూ అనే మాటే అన్నాడు. ఆయన దర్జీ.

"ఎప్పుడో వేల ఏళ్ళ కిందట తిని పోయినవాళ్ళ అంట్లన్నీ తోమిపెడతావు. నేను తాగిన ఒక్క గ్లాసు మాత్రం నన్నే కడుక్కోమంటావు."

"వాళ్ళు ఇప్పటిదాకా ఒక్క వంక పెట్టలేదు. మీరూ అలా నోరు మూసుకుని ఉండి చూడండి, మీ గ్లాసూ కడుగుతాను."

"అయితే ముందు నేను పోవాలన్నమాట."

"పోయినా మీ గ్లాసు ఎవరూ తవ్వి తియ్యరులెండి."

ఆయన నవ్వితే నోట్లో పట్టుకున్న గుండుసూది కింద పడింది. ఇద్దరూ వంగి వెతికేసరికి ఆమెకు అయిదు నిమిషాలు ఆలస్యమైంది.

ఆమె పని చేసే గది విశ్వవిద్యాలయంలో పాత భవనం కింది అంతస్తులో, పురావస్తు విభాగం చివర ఉంది. రెండు కిటికీలు, మూడు తొట్లు, గోడ పొడుగునా ఇనప అరలు. ఒక కిటికీ సరిగా మూసుకోదు. ఆ సందులోంచి వచ్చే గాలికే పెంకులు ఆరతాయని ఆమె దాన్ని బాగు చేయించనివ్వలేదు. పై అంతస్తుల్లో లేని శాస్త్రం లేదు. మనిషి పుట్టకముందు పాకిన నత్త మొదలుకుని కంటికి కనపడని పురుగు దాకా అక్కడ ఎవరో ఒకరు అద్దాల్లోంచి చూస్తూనే ఉంటారు. దేన్నైనా చూడాలంటే ముందు కడగాలి కదా, అందరూ మెట్లు దిగి ఈ తొట్ల దగ్గరికే వచ్చేవాళ్ళు. రాళ్ళ శాస్త్రం వాళ్ళు రాయిగా మారిన ఎముకలు తెచ్చేవారు. మొక్కల వాళ్ళు బురదలోంచి గింజలు జల్లించమనేవారు. ఎలుకల మీద పరిశోధన చేసే ఆయన ఒకసారి ట్రే అడిగితే, "తీసుకెళ్ళండి. మళ్ళీ మాత్రం తేకండి," అంది.

ఆ భవనంలో అందరికీ ఆమె శుభ్రమ్మే. ఆ పేరు పెట్టినది ఇప్పుడు లేని పెద్ద ప్రొఫెసరు. ఆయన పెట్టిన రోజు ఆమెకు బాగా గుర్తుంది. మరిచిపోదామన్నా మరపురాని రోజది.

పదకొండు గంటలకు రసాయన విభాగం నుంచి ఒక అమ్మాయి వచ్చింది. చేతులకు నీలం తొడుగులు, చంకలో వెండికాగితం చుట్టిన డబ్బాలు. వెనకాలే ఈ విభాగం హెడ్డు. ఇప్పుడంటే హెడ్డు గాని, ఆమె పనిలో చేరిననాటికి ఆయన లాగూ జారిపోతున్న బక్కపలచని విద్యార్థి. అప్పటి అలవాటుతో ఆమెను అక్కా అనే పిలుస్తాడు.

"అక్కా, ఈ అమ్మాయికి ఆనకట్ట కింద మునిగిపోయిన ఆ పాత దిబ్బ పెంకులు కావాలట. అడుగు పొరలవి. నువ్వయితే కళ్ళు మూసుకుని తీసిస్తావు."

ఆమె తీసి ఇచ్చింది. అమ్మాయి కిటికీ దగ్గర కూర్చుని ఒక్కొక్క పెంకూ భూతద్దంతో చూసింది. గంటసేపు చూసింది. చివరకు భూతద్దం పక్కన పెట్టి, తనలో తాను అనుకుంటున్నట్టు అంది.

"ఇంత శుభ్రంగా ఎవరు కడిగారండీ ఇవి? ఒక్కదాని మీదా ఏమీ మిగల్చలేదు."

హెడ్డు గొంతు సవరించుకున్నాడు. అమ్మాయికి అర్థమై మొహం ఎర్రబడింది. "సారీ అమ్మా, తప్పుగా అనలేదు."

"తప్పేముంది? నేనే కడిగాను. ఏం మిగలాలి?"

"మాడు."

శుభ్రమ్మ చేతిలో బ్రష్షు ఆగింది.

"కుండలో వండింది అడుగంటి మాడుతుంది కదా. ఆ మాడు ఉంటే చాలు, వాళ్ళేం వండుకున్నారో మా యంత్రం చెప్పేస్తుంది. పాలా, మాంసమా, గింజలా, అన్నీ. ఇదే దిబ్బ పై పొరలవి పది ముక్కలు పోయిన నెలే పరీక్షించాను, ఏమీ దొరకలేదు. ఇప్పుడు తవ్వే చోట సగం కడక్కుండానే ఉంచుతున్నారు. అప్పుడు ఎవరికి తెలుసు?" అమ్మాయి గడియారం చూసుకుంది. "సాయంత్రం అయిదింటికల్లా ముక్క పెట్టకపోతే యంత్రం వేరేవాళ్ళకు ఇచ్చేస్తారు. మళ్ళీ ఏడాదికి గాని రాదు. ఆ దిబ్బేమో నీళ్ళ కింద ఉంది. నా పరిశోధన అంతా దాని మీదే మొదలుపెట్టాను."

హెడ్డు రిజిస్టరు తిరగేశాడు. ఆ తవ్వకం తాలూకు పేజీలన్నిటిలో ఒకే చేతిరాత, చివరి గడిలో ఒకే మాట. కడిగినది, కడిగినది, కడిగినది.

"ఒక్కటీ లేదమ్మా," అన్నాడు అమ్మాయితో. "మా శుభ్రమ్మ రిజిస్టరులో లేదంటే లేనట్టే."

వాళ్ళు వెళ్ళిపోయాక ఆమె అన్నం డబ్బా తెరిచి, రెండు ముద్దలు తిని మూసేసింది.

అడుగంటిన గిన్నెను రాత్రి నానబెట్టి పొద్దున తోమితే అద్దంలా వస్తుందని చిన్నప్పుడు తల్లి నేర్పింది. ఆ ఒడుపే ఆమె ఇక్కడికి తెచ్చింది. నల్లగా అంటుకున్నవి ఒక రోజంతా నానబెట్టేది, మర్నాడు ఓపికగా గీకేది. ఒక్కొక్క నలుపు వదిలి నీళ్ళలో కలుస్తుంటే ఎంత తృప్తిగా ఉండేదో. ఆ నీళ్ళన్నీ ఆ మూల తూములోంచి పోయాయి. ముప్ఫైనాలుగేళ్ళ నీళ్ళు. ఎవరెవరి వంటలో ఏమో.

ఒక్క సంచీ మాత్రం పోలేదు. ఆ సంగతి ఆమెకొక్కదానికే తెలుసు.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. పాపకు మూడోనెల. పక్కింటి పెద్దావిడ దగ్గర వదిలి వచ్చేది. ఆ రోజు నాలుగింటికి ఆ దిబ్బ అడుగు పొర తాలూకు ఆఖరి సంచీ ముందు పెట్టుకుంది. సంచీ విప్పేముందే రిజిస్టరులో రాసేసుకోవడం అప్పటి అలవాటు. తడిచేతులతో రాస్తే సిరా అలుక్కుపోతుందని. రాసి, బ్రష్షు అందుకునేలోపు పక్కింటి వాళ్ళ నుంచి కబురు వచ్చింది. పాప సీసా పాలు పట్టడం లేదు, మధ్యాహ్నం నుంచి ఒకటే ఏడుపు. అప్పటికే ఆమె రవిక ముందంతా తడిసి ఉంది. సంచీని ఒక చెక్కపెట్టెలో పెట్టి అడుగు అరలోకి తోసి, రేపు కడగవచ్చులే అనుకుని పరుగెత్తింది.

మర్నాడు పొద్దున్నే తనిఖీకి పెద్దవాళ్ళు వచ్చారు. పెద్ద ప్రొఫెసరు రిజిస్టరు వాళ్ళ ముందు పెట్టి, "ఇందులో ఒక్క తప్పు చూపించండి, నా ఉద్యోగం వదిలేస్తాను. ఈమె శుభ్రమ్మ," అన్నాడు. అందరూ ఆమె వైపు చూసి తల ఊపారు. ఆ తలల మధ్య ఆమె నోరు పెగల్లేదు.

తరవాత ఎప్పుడైనా, ఎవరూ లేనప్పుడు కడిగేయవచ్చు. అరగంట పని. కాని కడిగానని రాసినదాన్ని చాటుగా కడగడం ఆమెకు చేతకాలేదు. వెళ్ళి చెప్పడమూ చేతకాలేదు. ఏటా అరలు దులిపినప్పుడు ఆ పెట్టె పైన కూడా గుడ్డతో తుడిచి, మళ్ళీ వెనక్కి తోసేసేది.

మూడుంబావుకు ఆమె తువ్వాలుతో చేతులు తుడుచుకుని హెడ్డు గదికి వెళ్ళింది. అమ్మాయి డబ్బాలు సర్దుకుంటోంది.

"సారూ, ఒకసారి మా గదిలోకి రండి. నువ్వు కూడా రామ్మా. ఆ చేతి తొడుగులు తీయకు."

అడుగు అర ముందు ఆమె నేల మీద కూర్చుంది. ముందున్న నాలుగు పెట్టెలు పక్కకు జరిపి అయిదోది బయటికి లాగింది. మూత తీయకుండా దాని మీద చెయ్యి వేసి మొత్తం చెప్పింది. పాప ఏడుపు చెప్పింది, రిజిస్టరు చెప్పింది, తనిఖీ చెప్పింది. రవిక తడిసిన సంగతి మాత్రం హెడ్డు ఎదుట చెప్పలేదు.

హెడ్డు వంగి ఆ పెట్టె వైపు చూశాడు.

"ముప్ఫైమూడేళ్ళు ఇంత పెద్ద దొంగను పక్కన పెట్టుకుని తిరిగామన్నమాట," అన్నాడు హెడ్డు. నవ్వబోయాడు గాని ఆమె మొహం చూసి మానుకున్నాడు. "అక్కా, ఇందులో ఏముందని? పరీక్ష కోసమని కడక్కుండా దాచి ఉంచినట్టు ఒక ముక్క రాసేస్తాను. అందరికీ బాగుంటుంది."

"వద్దు సారూ. ఒక అబద్ధం మోయడానికే ఇన్నేళ్ళు పట్టింది."

"పన్నెండు రోజుల్లో వెళ్ళిపోతున్నావు. ఆఫీసు వాళ్ళు సంజాయిషీ అడుగుతారు, తెలుసా?"

"అడగనివ్వండి. ఇస్తాను."

అమ్మాయి అప్పటికే మోకాళ్ళ మీద కూర్చుని మూత ఎత్తింది. సంచీ గుడ్డ చివికి, ముట్టుకుంటే పొడి రాలింది. మట్టి గడ్డల మధ్య ఒకే కుండ తాలూకు పెంకులు పద్దెనిమిదో ఇరవయ్యో ఉన్నాయి. ఒక పెద్ద ముక్క లోపలి వైపు నల్లటి పొర, గోరంత మందాన గోడకు కరుచుకుని ఉంది. శుభ్రమ్మ అలవాటు కొద్దీ చెయ్యి చాచింది.

"ముట్టుకోకండి అమ్మా. చేతి జిడ్డు కూడా పట్టేస్తుంది యంత్రం."

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. ముట్టుకోకుండా, ముందుకు వంగి చూసింది. జీవితంలో మొదటిసారి ఒక పెంకును కడగాలని కాక, ఊరికే చూస్తోంది. మూతి దగ్గర నుంచి బయటి వైపు ఒక సన్నటి చార కిందికి జారి, మధ్యలో రెండుగా చీలి, ఎండిపోయి ఉంది.

"ఇవి పాలమ్మా."

"అలా చూసి చెప్పలేమండి."

"పొంగి బయటికి ఒలికాయి, చూడు. లోపలేమో అడుగంటాయి. పొయ్యి మీద పెట్టి ఎటో వెళ్ళింది. వెంటనే వచ్చేద్దామనే అనుకుని ఉంటుంది." ఆమె ఆ చార వైపే చూస్తూ అంది. "ఎవరో ఏడ్చి ఉంటారు."

అమ్మాయి నవ్వలేదు. పెంకును వెండికాగితంలో చుట్టి, డబ్బాలో పెట్టి, నాలుగూ నలభైకి బయల్దేరింది. గుమ్మం దగ్గర ఒకసారి వెనక్కి తిరిగింది.

"పొద్దున అన్న మాట మనసులో పెట్టుకోకండి. హాల్లో అద్దాల వెనక ఉన్న ఆ పెద్ద కుండలన్నీ మీరు కడిగిన అంచుల వల్లే అతికాయని సారు చెప్పారు."

"తెలుసులే," అంది శుభ్రమ్మ. "పడిపోతావు, ముందు చూసుకుని వెళ్ళు."

ఆ సాయంత్రం ఆమె పాత రిజిస్టరు తీసి ఆ వరుస వెతికింది. కడిగినది అన్న మాట మీద, కింద ఏముందో చదవడానికి వీలుగా, ఒకే ఒక గీత గీసింది. పక్కన రాసింది: కడగలేదు. పాప ఏడుస్తోందని ఇంటికి వెళ్ళాను. తేదీ వేసి సంతకం పెట్టింది. ఆఫీసు వాళ్ళు సంజాయిషీ అడిగారు. ఆ రెండు వాక్యాలే మళ్ళీ రాసి ఇచ్చింది. వాళ్ళు దాన్ని ఫైలులో పెట్టి ఊరుకున్నారు.

పన్నెండో రోజు తొట్లు మూడూ బోర్లించి, తువ్వాలు మడిచి సంచీలో పెట్టుకుని, ఎప్పుడూ వెళ్ళే వేళకే ఆమె వెళ్ళిపోయింది. దండ వేస్తామని వెతికేసరికి గేటు దాటింది.

నాలుగో నెలలో అమ్మాయి ఫోన్ చేసింది. యంత్రం చెప్పింది పాలేనని.

"చెప్పానుగా," అంది శుభ్రమ్మ. వెనకాల కుట్టుమిషను చప్పుడు ఆగింది. "ఆ పెట్టెకు మూత సరిగా పెట్టారా?"

ఆమె చోటికి కొత్తమనిషి వచ్చింది. ఇప్పుడు ప్రతి సంచీలో సగం కడక్కుండా ఉంచుతారు. పాత బ్రష్షును మాత్రం ఎవరూ తీయలేదు. తొట్టి పైన మేకుకు, కుచ్చు ఒక పక్కకే అరిగి, అలాగే వేలాడుతోంది. దాని కింద గోడ మీద, ముప్ఫైనాలుగేళ్ళు బొట్టు బొట్టుగా జారిన మట్టినీళ్ళ చార ఒకటి, మధ్యలో రెండుగా చీలి, ఎండిపోయి ఉంది.