ఊస్‌లో ఊ

ఆటో కాలువ వంతెన దిగుతుండగా ముత్యం సార్ ఒళ్లోని గుడ్డసంచిలో చెయ్యిపెట్టి తడిమి చూసుకున్నాడు. చింతగింజలు, అట్టముక్కలు, రబ్బరు బ్యాండు వేసిన బొమ్మల కట్ట, సుద్దముక్కల డబ్బా. అన్నీ ఉన్నాయి. ఉన్నాయని తెలిసినా రోజూ ఆ వంతెన మీదే ఒకసారి తడిమి చూసుకుంటాడు. యాభై నాలుగేళ్ల మనిషి. పొట్టి, బక్కపలచన. ఏళ్ల తరబడి నిలబడి చెప్పడంతో పిక్కల్లో నరాలు ఉబ్బి ముడులు పడ్డాయి. కుడిచేతి చూపుడువేలి గీతల్లో ఇరుక్కున్న సుద్ద ఎంత తోమినా పోదు. అన్నం కలుపుకుంటుంటే భార్య ఆ వేలిని చూసి, ఉప్పు వేరే వేసుకోనక్కర్లేదని నవ్వుతుంది.

బాన్సువాడ నుంచి బడి ఉన్న ఊరు పదకొండు కిలోమీటర్లు. ఎనిమిదేళ్లుగా భిక్యా ఆటోలోనే ప్రయాణం. డ్రైవరు పక్కన, ఎడమవైపు చివర ఆయన చోటు. భిక్యాకి ముప్పై అయిదు దాటాయి. ఎప్పుడో తండా బడిలో ఈ సార్ దగ్గరే ఒకటో తరగతి చదివాడు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ ఎన్నడూ ఎత్తలేదు.

"చెరుకు కొట్టేటోళ్లు గుడిసెలు ఇప్పుతుండ్రు సార్," అన్నాడు భిక్యా, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "ఫ్యాక్టరీ బందైందట. ఇయ్యాలనే పోతరట."

"ఇయ్యాలనేనా?"

"లారీ వచ్చి నిలవడ్డది సార్. నేను చూసే వస్తున్న."

ముత్యం సంచి మూతి ముడివేసి మళ్లీ విప్పాడు. ఇంకో పదిహేను రోజులు ఉంటారనుకున్నాడు. వైశాలికి ఇంకా ఒక్క తెలుగు మాట కూడా తనంతట తాను చదవడం రాలేదు.

డిసెంబరులో వచ్చింది వైశాలి. సరిహద్దు అవతలి నుంచి చెరుకు నరకడానికి వచ్చిన కుటుంబాలు కాలువ గట్టున తాడ్‌పత్రి పట్టాలతో గుడిసెలు వేసుకున్న నాలుగో రోజు, పండరి అనే అతను ఏడేళ్ల కూతురిని బడి గుమ్మం దాకా తెచ్చి వదిలి కొడవలితో పొలంలోకి వెళ్లిపోయాడు. పిల్ల చంకలో రెండేళ్ల తమ్ముడు. లోపలికి రమ్మంటే రాలేదు. గుమ్మం పక్కనే కూర్చుంది. అక్కడి నుంచి చూస్తే గుడిసెలు కనపడతాయి. నెలన్నర పాటు పెదవి విప్పలేదు. ముత్యం చాక్లెట్ ఇచ్చి చూశాడు, తీసుకుని తమ్ముడి నోట్లో పెట్టింది. పదిసార్లు చెప్పించి చూశాడు, పదిసార్లూ తల దించుకుంది. చురుకైన నితిన్ పక్కన కూర్చోబెడితే నితిన్ కూడా ఆ పూట మాట్లాడడం మానేశాడు.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం ఆయన గుడిసెల దగ్గరికి నడిచి వెళ్లాడు. పండరి పక్కన రాయి మీద కూర్చుని, వాళ్ల మరాఠీలో అమ్మను ఏమంటారని అడిగాడు. ఆయీ. ఒకటిని? ఏక్. చెరుకుని? ఊస్. మర్నాడు అట్టముక్కల మీద బొమ్మలు గీసి తెచ్చాడు. ఆ అనే అక్షరం పక్కన ఆవు బదులు వైశాలి తల్లి, ఆయీ. ఊ పక్కన ఊయల బదులు చెరుకుగడ. గడ కింద తెలుగులోనే రెండు మాటలు రాశాడు. ఒకటి వాళ్లది, ఊస్. ఒకటి మనది, చెరుకు. ఆ అట్ట చూసి పిల్ల మొదటిసారి పళ్లు కనపడేలా నవ్వింది. "ఊస్," అంది. అక్షరాలు ఒక్కొక్కటిగా గుర్తుపట్టసాగింది. కానీ అట్ట తిప్పేస్తే, కొత్త మాట రాస్తే, అంతే. మళ్లీ మౌనం.

బడి వరండాలో పల్లవి అప్పటికే వచ్చి ఉంది. టీచర్ ట్రైనింగ్ చేస్తున్న అమ్మాయి. రెండు వారాలుగా వెనక బల్ల మీద కూర్చుని క్లాసు చూసి రికార్డు రాసుకుంటోంది. ఆ రికార్డులో ఒక గడిలో సార్ ఏం చేశాడో రాయాలి. పక్క గడిలో అది ఏ అభ్యసన సిద్ధాంతమో రాయాలి.

మొదటి గంట కొట్టగానే ఎవరూ చెప్పకుండానే పిల్లలు పలకలు తీశారు. పల్లవి రాసుకుంది. వరసలో సరిగా కూర్చున్న నితిన్‌ను ముత్యం మెచ్చుకుంటే మిగతా పదకొండు మందీ నడుములు నిటారు చేశారు. అదీ రాసుకుంది.

"గిది ఏ థియరీ కిందికి వస్తది సార్?"

"పేర్లు యాదికి లేవు బిడ్డా. పరీక్షల మాత్రం మంచిగనే రాసిన."

నిజంగానే మంచిగా రాశాడు. ముప్పై ఏళ్ల కిందట నిజామాబాద్‌లో అద్దెగదిలో సైకాలజీ పుస్తకం పెట్టుకుని, గంట మోగితే చొంగ కార్చిన కుక్కను, పెట్టెలోంచి బయటపడే దాకా గోకిన పిల్లిని, పెట్టెలు పేర్చి అరటిపండు అందుకున్న కోతిని కంఠతా పట్టాడు. కాలువ తూములు ఎత్తిదించే లష్కరుగా పనిచేసిన తండ్రి ఎల్లన్న, కొడుకు రాత్రిళ్లు కుక్కలూ పిల్లులూ అని కలవరిస్తున్నాడని భయపడి తాయెత్తు కట్టించాడు. ఉద్యోగం వచ్చింది. తండా బడికి వెళ్లిన మొదటి రోజు ఎదురుగా ముప్పై మంది పిల్లలు కూర్చున్నారు. వాళ్లలో ఏ ఒక్కరూ పుస్తకంలోని కుక్కలా లేరు, పిల్లిలా లేరు. భయం వేసింది. భయం వేసినవాడు చేసే పనే చేశాడు. బెత్తం తీసుకున్నాడు.

ఈ రోజు ఆయన చేతిలో బెత్తం లేదు. కానీ తొందర ఉంది. మిగతా పిల్లలకు చింతగింజల లెక్క ఇచ్చి, వైశాలిని నల్లబల్ల ముందు నిలబెట్టాడు. ఊరు అని రాశాడు.

"ఊరు. అను బిడ్డా. ఊరు."

పిల్ల బల్లను చూసింది, గుమ్మంలోంచి గుడిసెల వైపు చూసింది.

"గటు కాదు, గిటు చూడు. ఊరు. ఊ, రు. అను."

పదిసార్లు అన్నాడు. ఇరవైసార్లు అన్నాడు. గొంతు ఎప్పుడు పెరిగిందో ఆయనకే తెలియలేదు. వేలి కణుపుతో బల్ల మీద టక్కున కొట్టాడు. వైశాలి మోచెయ్యి పైకెత్తి మొహానికి అడ్డం పెట్టుకుంది. తమ్ముడు ఏడుపు అందుకున్నాడు.

ముత్యం చెయ్యి అలాగే బల్ల మీద ఆగిపోయింది. ఆ మోచెయ్యి ఆయనకు తెలుసు. ఇరవై ఎనిమిదేళ్ల కిందట సరిగ్గా ఇలాగే లేచింది. అప్పుడు ఆయన ఆగలేదు. మర్నాటి నుంచి భిక్యా బడికి రాలేదు. వారం తర్వాత ఇంటికి వెళ్లి పిలిస్తే, మేకల వెనక గుట్ట మీదికి పరిగెత్తాడు. ఆ సాయంత్రమే బెత్తాన్ని కాలువలో పారేశాడు ముత్యం. ఆ తర్వాత ఎవరినీ కొట్టలేదు. దానికి ఎవరూ శాలువా కప్పలేదు, కప్పాలని ఆయనా అనుకోలేదు.

మోకాళ్లు పట్టుకుని మెల్లగా నేల మీద కూర్చున్నాడు. ఇప్పుడు పిల్ల ఆయనకంటే ఎత్తుగా ఉంది.

"తప్పైంది బిడ్డా," అన్నాడు. "పో, తమ్మున్ని ఎత్తుకో. సదువు ఏడికి పోదు."

బల్ల మీద మాటను తుడవకుండానే వదిలేశాడు. పల్లవి కలం ఎత్తి పట్టుకుని, ఏమీ రాయకుండా కిందికి దించింది.

మధ్యాహ్నం అన్నాలయ్యాక పిల్లలు నీడలో గోటీలాడుతుంటే ముత్యం వరండా స్తంభానికి ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. అటుపక్క నుంచి చిన్న గొంతు వినిపించింది.

"హా ఊ. ఊసాచా ఊ." ఇది ఊ, ఊస్‌లో ఊ అని.

కళ్లు తెరవలేదు. కొంచెం పక్కకు తిరిగి, రెప్పల సందులోంచి చూశాడు. వైశాలి తమ్ముణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని దుమ్ములో వేలితో ఊ రాస్తోంది. తమ్ముడు దాన్ని అరచేత్తో చెరిపేస్తున్నాడు. కోప్పడకుండా మళ్లీ రాస్తోంది. అలా రాస్తూ రాస్తూ తలెత్తి తరగతిలోకి, నల్లబల్ల మీదికి చూసింది. లేచి గుమ్మంలో నిలబడింది. సార్ గుడ్డసంచిలోంచి చెరుకుగడ అట్ట తీసుకుంది. ఊస్ అన్నచోట మొదటి అక్షరం మీద వేలు పెట్టి బల్లను చూసింది. చెరుకు అన్నచోట నడిమి అక్షరం మీద వేలు పెట్టి మళ్లీ బల్లను చూసింది.

"ఊ," అంది. "రు." మళ్లీ మొదటి అక్షరం మీదికి వేలు తెచ్చింది. "ఊరు."

ముత్యం లేచి నిలబడ్డాడు. ఇది ఆయన చెప్పలేదు. వాళ్ల మాటలోంచి ఒక అక్షరం, మన మాటలోంచి ఒక అక్షరం తెచ్చి కలపవచ్చని ఆయనకు తోచనే లేదు.

"ఊరు మ్హణ్‌జే?" అని అడిగింది పిల్ల. ఊరు అంటే ఏమిటని. మూడు నెలల్లో ఆయనను ఆమె అడిగిన మొదటి ప్రశ్న.

"గావ్," అన్నాడాయన. "మీ గావ్. మా గావ్. ఊరు."

వైశాలి కాలువకు అవతల, పడమటి వైపు వేలు చూపించింది. "ఊరు," అంది. తర్వాత తమ్ముడి చెవిలో మళ్లీ అదే మాట చెప్పింది.

రెండు దాటాక పండరి వచ్చాడు. తలపాగా తీసి చేత్తో పట్టుకుని గుమ్మం బయటే నిలబడ్డాడు. "జాతో సార్," అన్నాడు, వెళ్తున్నానని. ముత్యం తెల్లకాగితం మీద వాళ్ల ఊరి బడి పంతులుకు, తనకు వచ్చిన హిందీలో నాలుగు వరసలు రాశాడు. ఈ పిల్ల మూడు నెలలు మా బడిలో చదివింది, అక్షరాలు తనంతట తానే కలుపుతుంది, దయచేసి రెండో తరగతిలో కూర్చోబెట్టండి, కసరకండి. 'కసరకండి' అన్నదానికి హిందీ మాట దొరక్క పల్లవిని అడిగాడు. పండరి ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి తలపాగా మడతలో దోపుకున్నాడు.

బయట లారీ హారన్ కొట్టింది. వైశాలి తమ్ముణ్ణి చంకనేసుకుని తండ్రి వెనక పరుగెత్తింది. గేటు దగ్గర ఆగి వెనక్కి చూస్తుందేమోనని ముత్యం చూశాడు. చూడలేదు. ఇంటికి వెళ్తున్న పిల్ల ఎందుకు చూస్తుంది. కర్రలు, బిందెలు, మడిచిన తాడ్‌పత్రీల మీద జనం కూర్చున్న లారీ బిచ్కుంద రోడ్డు ఎక్కి పొలాల మధ్య చిన్నదైపోయింది.

పల్లవి రికార్డు తెచ్చి ముందు పెట్టింది. "సార్, పొద్దుగాల మీరు చెప్పిచ్చింది ఒక థియరీ. ఆ అమ్మాయి చదివింది ఇంకోటి. కానీ మీరు కింద కూసున్నరు గద, దానికి నా బుక్కుల పేరు లేదు."

"ఉండది బిడ్డా. ఆ గడి ఖాళీ ఇడువు."

"మార్కులు కట్ చేస్తరు సార్."

"గట్లైతే నీకు తోచింది రాయి. నువ్వు టీచరైనంక మాత్రం కూసో."

నాలుగింటికి పిల్లలు వెళ్లిపోయారు. భిక్యా ఆటో వచ్చి గేటు ముందు ఆగింది. ముత్యం తాళం వేస్తూ, "గా పిల్ల చదివింది భిక్యా," అన్నాడు. "ఎవ్వరు చెప్పకుండ, తనంతట తానే."

"మంచిగైంది సార్."

భిక్యా వంగి టైరును కాలితో తట్టి చూశాడు. తర్వాత తలెత్తకుండానే అన్నాడు.

"నేను గూడ అక్షరాలల్ల ఋ దాక వచ్చిన సార్. ఆడ్నే ఆగింది."

ముత్యం చేతిలో తాళంచెవి కదల్లేదు.

"నా బిడ్డ ఇప్పుడు ఐదో తరగతి సార్. బాన్సువాడల. అది చదువుతది." భిక్యా నవ్వినట్టే ఉంది. "ఎక్కుండ్రి సార్. పొద్దుపోతుంది."

"జర మొఖం కడుక్కొని వస్తా," అన్నాడు ముత్యం, భిక్యా వైపు చూడకుండా.

కుళాయి దగ్గరికి వెళ్లి దోసిలి పట్టబోయి ఆగాడు. పక్కనున్న పిట్టగోడ మీద, వైశాలి రోజూ అన్నం తినే స్టీలు కంచం ఎండకు బోర్లించి ఉంది. శుభ్రంగా తోమి ఉంది. తల్లి పెళ్లినాటిదై ఉండాలి. అడుగున చుక్కలు చుక్కలుగా కొట్టించిన మరాఠీ అక్షరాలు సగం అరిగిపోయి, సాయంత్రపు వెలుగులో మెరుస్తున్నాయి: సౌ. కౌసల్యా పండరీ.