నోటీసు మునెమ్మ

గిన్నెలో మైదా ఉడుకు పట్టగానే మునెమ్మ మంట తగ్గించి, చిటికెడు మైలుతుత్తం వేసి పుల్లతో తిప్పింది. జిగురుకు పురుగు పట్టకుండా ఉండటానికి అది. తెల్లటి జిగురు కొద్దిగా నీలం తిరిగింది. చల్లారాక దాన్ని పాత పాలపొడి డబ్బాలోకి ఎత్తి మూత బిగించింది. డబ్బా మీది బొమ్మ అరిగిపోయి చాలాకాలమైంది. అడుగున మేకుతో గీకిన 'నా' అనే అక్షరం మాత్రం మిగిలింది. అది ఆమె భర్త నారాయణ గీసుకున్న గుర్తు.

నారాయణ ఆదాయపు పన్ను ఆఫీసులో నోటీసులు అందజేసే పని చేసేవాడు. అతను పోయాక ఆ పనే మునెమ్మకు ఇచ్చారు. ఆడమనిషి ఊళ్ళు తిరిగి నోటీసులు ఎట్లా ఇస్తుందని మొదట్లో అనుకున్నారు. తర్వాత అనుకోవడం మానేశారు. ఇప్పుడు నోటీసులన్నీ కంప్యూటర్లోనే పోతాయి. అట్లా పోయి తిరిగి వచ్చినవి, మనిషి చేతికే అందాల్సినవి మాత్రం మునెమ్మ సంచిలోకి వస్తాయి. ఇంటికి తాళం ఉంటే, లేదా తీసుకోనని మొండికేస్తే, ఇద్దరిని సాక్షులుగా పిలిచి తలుపుకు అంటించి రావాలి. అంటించే ముందు గడప ముందు నిలబడి మనిషిని పేరు పెట్టి గొంతెత్తి పిలవడం నారాయణ అలవాటు. మనిషిని పిలవకుండా తలుపుకు కాగితం అంటించడం దొంగతనంలాగా ఉంటుందనేవాడు. మునెమ్మ కూడా పిలుస్తుంది. నోటీసు ఇచ్చిన ఇంట్లో మంచినీళ్ళు కూడా తాగదు. ఈ నియమం ఆమె సొంతం.

ఆమె పొడుగ్గా, సన్నగా ఉంటుంది. ఏళ్ళ తరబడి సంచి మోసి ఎడమ భుజం కిందికి జారింది. నడుస్తుంటే ఎవరో పక్కనుంచి కొంగు పట్టి లాగుతున్నట్టు ఉంటుంది.

మార్చి నెల ఆఖరు రోజది. నిన్న పులివెందుల, మొన్న ముద్దనూరు తిరిగి వచ్చింది. ఇంక ఒకటే కవరు మిగిలిందని ఆఫీసరు సార్ చేతికిచ్చాడు. పైన పేరు చదివి మునెమ్మ అక్కడే నిలబడిపోయింది. జియావుల్లా, జమ్మలమడుగు.

జియావుల్లా కువైట్ నుంచి తిరిగి వచ్చి కడప బండలు పాలిష్ పట్టే మిషన్ పెట్టుకున్నవాడు. కొన్నేళ్ళ కిందట అతని లెక్కలు ఆఫీసులో తనిఖీకి వచ్చాయి. అప్పటి ఆఫీసరు పిలిపించి, అడిగినవన్నీ తెప్పించుకుని చూసి, సరేనని ముగించాడు. ముగించిన ఉత్తర్వు మునెమ్మే తీసుకుపోయి ఇచ్చింది. జియావుల్లా తడి చేతులు లుంగీకి తుడుచుకుని, ఆ కాగితాన్ని రెండు చేతులతో అందుకున్నాడు. ఇంక అయిపోయినట్టేనా అని అడిగాడు. అయిపోయింది సాబ్, ఇంక ఎవరూ రారు అని చెప్పింది మునెమ్మ. అట్లా చెప్పమని ఆఫీసులో ఎవరూ ఆమెకు చెప్పలేదు. ఆ మనిషి ముఖం చూసి తనంతట తనే అనేసింది.

ఎప్పుడూ ఏమీ అడగని మునెమ్మ ఆరోజు అడిగింది. కొత్తగా ఏమైనా బయటపడిందా సార్ అని.

సార్ కళ్ళజోడు తీసి కళ్ళు నలుపుకున్నాడు. కొత్తగా ఏమీ లేదట. పాత ఫైళ్ళు తనిఖీ చేసేవాళ్ళు అవే కాగితాలు చూసి, అప్పటి ఆఫీసరు పన్ను తక్కువ వేశాడని రాశారట.

"ఆయప్ప దాచిపెట్టిందేం లేదు మునెమ్మా. ఒకసారి చూసి ఒప్పుకున్నదాన్ని మళ్ళీ తెరిస్తే కోర్టులో నిలబడేది కష్టమే. కానీ పైనుంచి రాసినారు. తెరిచేదానికి గడువు ఈరోజుతో సరి. రేపటికి ఈ ఫైలు చట్టం ప్రకారం మూతపడినట్టే. పంపకపోతే అది నా మెడకు చుట్టుకుంటాది. ఇచ్చినాక ఫోన్ చెయ్యి."

ప్రొద్దుటూరు బస్టాండులో జమ్మలమడుగు బస్సు నిండుగా ఉంది. కండక్టరు ఆమెను చూసి వెనకసీటు చూపించాడు.

"ఏం నోటీసమ్మా, ఈపొద్దు ఎవురి కొంపకు?"

"నీ కొంపకే అప్పా. టికెట్ల దుడ్లు లెక్కలో చూపియ్యలేదంట."

బస్సులో నలుగురు నవ్వారు. మునెమ్మ నవ్వలేదు. శనగ కోసేసిన నల్లరేగడి చేలు కిటికీ అవతల నెర్రెలు విచ్చి ఉన్నాయి. జియావుల్లా ముందు నిలబడి ఏం చెప్పాలో ఆమె లోలోపల కూడబలుక్కుంటోంది. ఏ మాటతో మొదలుపెట్టినా, ఇంక ఎవరూ రారన్న తన మాట దగ్గరికే వచ్చి ఆగుతోంది.

ఇల్లు మసీదు వెనక సందులో ఉంది. గోడకు ఆనించిన బండలు దుమ్ముకొట్టుకుని ఉన్నాయి. మిషన్ చప్పుడు లేదు. తలుపు మూసి ఉంది. మునెమ్మ గడప ముందు నిలబడి పిలిచింది.

"జియావుల్లా సాబ్!"

లోపల ఏదో గిన్నె చప్పుడు ఆగిపోయింది. మళ్ళీ పిలిచింది. ఎవరూ పలకలేదు. తీసుకోకుండా దాక్కుంటున్నాడేమో, ఇంక అంటించాల్సిందేనేమో అనుకుంది. ఒక విధంగా ఆమెకు అదే మేలనిపించింది. ముఖం చూడనక్కర్లేదు. డబ్బా తీసి అరుగు మీద పెట్టి మూత ఊడదీసింది. సాక్షుల కోసం సందులోకి చూస్తుండగా తలుపు కొంచెం తెరుచుకుంది. జియావుల్లా కూతురు మసరత్.

"లోపలికి రా పెద్దమ్మా. అమ్మ బయటికి రాగూడదు."

ఆ మాటతో మునెమ్మకు సగం అర్థమైంది. మిగతా సగం లోపల చాప మీద కూర్చున్న జియావుల్లా భార్య రషీదాను చూశాక అర్థమైంది. ఆమె మెడలో నల్లపూసలు లేవు. భర్త పోయిన ముసల్మాను ఇల్లాలు ఇద్దత్ అనే నాలుగు నెలల పది రోజుల గడువు తీరేదాకా గడప దాటదు, పరాయి మగవాళ్ళ ఎదుటికి రాదు. వేరే నోటీసు మనిషి ఎవరైనా అయితే వాకిట్లోనే ఆగిపోయేవాడు.

రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందని కర్నూలు డాక్టర్లు చెప్పారట. పోయిన నెలలో, మధ్యాహ్నం నమాజు తర్వాత, కొంచెం సేపు పడుకుంటానని పడుకున్నాడట. రషీదా ఇవన్నీ వంట సంగతి చెప్పినట్టు చెప్పింది.

"ఆ పేరు ఇంట్లో ఎవురూ గట్టిగా పిలిచి నెలయింది అక్కా. నువ్వు పిలిస్తే, పలుకుతాడేమోనని విన్నా."

నారాయణ పోయిన కొత్తలో అతని పేరు మీద ఒక బదిలీ ఉత్తర్వు వచ్చింది. ఆఫీసు పంపిన మనిషికి సంగతి తెలియదు. వాకిట్లో నిలబడి నారాయణ ఉండాడా అని కేకేశాడు. ఉండాడు, ఏంది అనేసింది మునెమ్మ పొయ్యి దగ్గరనుంచే. అన్నాక గరిటె పట్టుకుని అట్లాగే నిలబడింది.

ఏం కాగితమని రషీదా అడిగింది. మునెమ్మ దాచలేదు. ముగిసిన ఫైలు మళ్ళీ తెరుస్తున్నారని చెప్పింది.

"అయిపోయిందంటివే అక్కా."

మునెమ్మ తల దించుకుంది.

"నువ్వు చెప్పినావనే ఆయన శానా ధైర్యంగా ఉన్న్యాడు. నేను పోతే మిషను అమ్మి మసరత్‌ను చదివించు, దాని మీద ఎవురికీ ఏ హక్కూ లేదు, అన్నీ చూపించినా అన్న్యాడు. ఇప్పుడు అమ్మేదానికి లేదా?"

ఫైలు తెరిస్తే ఎప్పటికి ముగుస్తుందో మునెమ్మకు తెలియదు. సంచిలోంచి పెన్ను తీసింది కానీ ఏం రాయాలో తోచలేదు. రషీదా అది చూసి చాప మీదనుంచి ముందుకు జరిగింది.

"ఆయన పేరు మీద కుదరకపోతే నా పేరు రాసుకో. రషీదా. ఏలిముద్ర ఏస్తా. నీ పని ఆగిపోకూడదు గదా."

వేములలో ఒక కంట్రాక్టరు సంగతి మునెమ్మకు గుర్తుంది. చనిపోయినవాడి పేరు మీద పంపిన నోటీసు నోటీసే కాదని కోర్టులో అన్నారు. వారసుల పేరుతో మళ్ళీ రాద్దామంటే గడువు దాటిపోయింది. దాన్ని అంటించింది తనే. ఆ సార్ రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

మునెమ్మ పెన్నుకు మూత పెట్టేసింది.

"ఈ కాగితంలో నీ పేరు లేదు తల్లీ. ఇది నీకియ్యకూడదు."

మసరత్ గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. నోటీసు ఇవ్వలేదు కాబట్టి మునెమ్మ ఆ నీళ్ళు పూర్తిగా తాగింది.

తిరుగు బస్సు ఊరు దాటుతుండగా ఫోన్ మోగింది. ఇచ్చినావా అని సార్ అడిగాడు.

"ఆయప్ప పోయిన నెలలో చనిపోయినాడు సార్."

అవతల కుర్చీ కిర్రుమన్న చప్పుడు వినిపించింది.

"భార్య ఉండాదా? పేరేంది? చెప్పు, ఇప్పుడే ఆమె పేరుతో రాసి పంపుతా."

ఇన్నేళ్ళలో మునెమ్మ ఆఫీసుకు ఒక్క అబద్ధం చెప్పలేదు. తాళం వేసి ఉందని రాస్తే నిజంగానే తాళం ఉండేది. కిటికీ ఊచను గట్టిగా పట్టుకుంది.

"పేరు నేను అడగలా సార్. బస్సెక్కేసినా."

"దిగి పోయి కనుక్కో."

బస్సు పాలిష్ ఫ్యాక్టరీల దగ్గర ఆగింది. కూలీలు ఎక్కుతున్నారు. ఒళ్ళో సంచి తేలికగా ఉందని మునెమ్మకు అప్పుడే తెలిసింది. లోపల చెయ్యి పెట్టి వెతికింది. కవరు ఉంది. డబ్బా లేదు. కండక్టరు, ఇంకెవురన్నా దిగేవాళ్ళుండారా అని అరిచాడు. మునెమ్మ లేవబోయి, ముందు సీటు కడ్డీ పట్టుకుని, మళ్ళీ కూర్చుంది.

"బస్సు కదిలింది సార్."

సరే, రా అన్నాడు సార్. పేరు కనుక్కోవడానికి ఆయనకు వేరే దారులు లేకపోలేదు. ఆయన మళ్ళీ ఫోన్ చేయలేదు.

ఆ సాయంత్రం మునెమ్మ, మనిషి చనిపోయినాడు అని మాత్రం రాసి కవరుకు గుచ్చి ఇచ్చింది. ఇంటికి వచ్చి, కడగకుండా వదిలేసి పోయిన గిన్నెలో నీళ్ళు పోసి నానబెట్టింది.

జమ్మలమడుగులో, పిలుపు విన్న ఆ తలుపు పక్కన, అరుగు మీద మూత తీసిన డబ్బాలో నీలపు జిగురు ఎండకు అట్టకట్టి, అంచులు విడిచి, మెల్లగా లోపలికి ముడుచుకుపోతోంది.