పందికి కందులు, పిల్లకు గంజి

కొండ దిగి అనీస్ పట్నం చేరేసరికి ఒర్టాన్స్ పెరట్లో పందికి స్నానం జరుగుతోంది. ఎండ చుర్రుమంటోంది. నీడన కట్టేసిన నల్లపంది వీపు మీద ద్యూలా చెంబుతో నీళ్లు పోస్తుంటే అది హాయిగా గుర్రుమంటోంది. చూసేవాళ్లకు ముచ్చటగానే ఉంటుంది. పాఠకులారా, ముచ్చట పడేముందు ఒక్క నిమిషం ఆగండి.

నిరుడు వానలకు ముందు అనీస్ ఒకే రోజున రెండు ప్రాణాలను ఈ ఇంట్లో అప్పగించి వెళ్లింది. ఒకటి, అప్పుడే పాలు మానిన పందిపిల్ల. రెండోది, తన కడుపున పుట్టిన ద్యూలా. పందిని వాటాకి ఇచ్చింది, పెంచినవాళ్లకు సగం, ఇచ్చినవాళ్లకు సగం. పిల్లను మాత్రం చదివిస్తారన్న ఆశతో ఇచ్చింది. ద్యూలా జ్ఞానస్నానం నాడు జ్ఞానతల్లిగా పక్కన నిలబడింది ఒర్టాన్సే కనుక అనుమానించే అవసరం రాలేదు. మా హైతీలో ఇలాంటి పిల్లను 'దగ్గరుండే పిల్ల' అంటారు. ఎంత చల్లటి మాటో చూడండి! దాని వెనక ఎంత చాకిరీ దాచామో ఆ పిల్లలకే తెలుసు.

వాటా పశువుకు మా వైపు గట్టి కట్టుబాటు ఉంది. ఇచ్చినవాళ్లు ఎప్పుడైనా వచ్చి తడిమి చూసుకోవచ్చు. పశువు చిక్కిందా, ఇరుగుపొరుగును కేకేసి, అందరి ఎదుటా కట్టు విప్పి తోలుకుపోవచ్చు. అందుకే ఏ ఇంటికి వెళ్లినా ముందు పశువు దగ్గరికే నడుస్తారు. అనీస్ కూడా అదే చేసింది. కూతురి వంక ఒక నవ్వు విసిరి, తిన్నగా వెళ్లి పంది వెన్ను తడిమింది.

"గట్టిగా నొక్కి చూడు వదినా, ఎముక తగిలితే ఒట్టు!" అంది ఒర్టాన్స్ గర్వంగా. "పశువుల డాక్టరు చెప్పింది చెప్పినట్టు చేస్తున్నా. ఎదిగే పంది కదా, ఉత్త మొక్కజొన్న, మామిడిపళ్లు పడేస్తే కొవ్వు పడుతుందే గానీ కండ రాదంట. కందులు ఉడకబెట్టి, చేప తలకాయలు, మునగాకు కలిపి పెడుతున్నా. ఈ ఎండకి పగలు మూతి కూడా పెట్టదు. అందుకే తెల్లారకముందు ఓసారి, పొద్దుగూకాక ఓసారి. తినేదే తక్కువాయె, ఆ తినేదాంట్లో బలం ఉండాలి. తొట్టిలో నీళ్లు ఎప్పుడూ నిండుగా ఉండాలి."

"చల్లగా ఉండు వదినా. సొంత బిడ్డలా చూశావు," అంది అనీస్.

మధ్యాహ్నం అన్నం, చిక్కుడుగింజల పులుసు, వేయించిన చేప వడ్డించారు. ఒర్టాన్స్ పిల్లలు ఇస్త్రీ చేసిన బడి బట్టలతోనే వచ్చి తిన్నారు. ద్యూలా బల్ల దగ్గరికి రాలేదు. చేతిలో ముద్ద పళ్లెంలో పెట్టేసి అనీస్ లేచి వంటపాక వెనక్కి వెళ్లింది. పిల్ల గోడకు జేరబడి పలచటి మొక్కజొన్న గంజి తాగుతోంది.

తెచ్చిన కొత్త గౌను తీసి తొడిగింది తల్లి. కొండ మీద తమ పక్కింటి మార్తా, ద్యూలా ఒకే నెలలో పుట్టినవాళ్లు. మార్తా కొలతకే కుట్టించింది. ఆ గౌనులో ద్యూలా మునిగిపోయింది. భుజాల దగ్గర ఎముకలు బట్టను పొడుచుకొచ్చాయి.

"రోజూ ఇదేనా నీ తిండి?"

"అలవాటైందిలేమ్మా."

"బడికి?"

"వచ్చే ఏడు పంపుతానంది అత్త." ద్యూలా గొంతు తగ్గించింది. "మరీ ఆకలేస్తే పంది బకెట్లోంచి కందులు గుప్పెడు తింటా. చెప్పకమ్మా. ఎక్కువేం తిననులే. అది చిక్కిపోతే నీ వాటా పోదూ!"

అనీస్ ఒళ్లు మండిపోయింది. ముందు తన మీద మండింది. పందిని తడిమిన చేతిని తన గౌనుకు తుడుచుకుని, ఆ చేత్తోనే కూతురి మణికట్టు పట్టుకుని వాకిట్లోకి లాక్కొచ్చి వీధి దద్దరిల్లేలా అరిచింది.

"రండమ్మా, అందరూ రండి! వాటాకి ఇచ్చిన ప్రాణం చిక్కిపోయింది! వచ్చి చూడండి!"

కట్టుబాటు కదా, పనులు ఎక్కడివక్కడ వదిలేసి వచ్చారు. ఎదురింటి ముసలి సెడ్యే పెద్దరికంగా పంది దగ్గరికి వెళ్లి వెన్ను నొక్కాడు. "ఇది చిక్కడమేంటే అమ్మాయ్? బండరాయిలా ఉంటేను! నీ కళ్లు గానీ పోయాయా?"

"అది కాదు తాతా. దీన్ని తడుము," అని కూతుర్ని ముందుకు నిలబెట్టింది.

సెడ్యే చెయ్యి పిల్ల భుజం మీద పడింది. వెంటనే తీసుకున్నాడు.

"సిగ్గులేదూ? పిల్లనీ పందినీ ఒకే గాటన కడతావా?" ఒర్టాన్స్ విరుచుకుపడింది.

"నువ్వు కట్టినా బాగుండేది! దీనికీ కందులు దక్కేవి. ఎదిగే ఒంటికి ఏం కావాలో ఇందాక గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పావే, ఎదిగే పిల్ల నీ కళ్లముందే ఎండిపోతుంటే ఆ పాఠం ఏమైంది? తెల్లారకముందే లేచి ఆ కందులు ఉడకబెట్టేది ఎవరు? నన్ను చెప్పుతో కొట్టాలి. నేనూ వచ్చీరాగానే పందినే తడిమాను!"

"తీసుకుపో నీ పిల్లని! పందిలో వాటా మాత్రం అడక్కు."

"వాటా ఎక్కడికీ పోదు," అన్నాడు సెడ్యే. "పందిని బాగా మేపావు. నీ సగం నీది, ఆమె సగం ఆమెది. చిక్కిన ప్రాణం మాత్రం ఇవాళే తల్లితో పోతుంది. కట్టుబాటు అదే."

ఆ గుంపులో దగ్గరుండే పిల్ల లేని ఇల్లు లేదు. సెడ్యే ఇంటి గుమ్మంలోనూ అంతే సన్నటి పిల్ల ఒకతె బిందె పట్టుకుని నిలబడి ఉంది. ముసలాయన అటు చూసి తల దించుకున్నాడు.

"తెలియక చేసిన తప్పయితే దేవుడు క్షమించేవాడు," అన్నాడు చివరికి. "ఎదిగే ప్రాణానికి ఏం పెట్టాలో మనందరికీ తెలుసు. పందిలో వాటా వస్తుంది కాబట్టి పందికి పెట్టాం. పరాయి పిల్లలో మనకేం వాటా అని ఎండగట్టాం. ఇంతకంటే నీచం ఇంకోటి లేదు."

అనీస్ కూతురి చెయ్యి వదలకుండా కొండదారి పట్టింది. పెరట్లో పంది సాయంత్రపు కందుల కోసం అరవడం మొదలుపెట్టింది. దానికి టైముకు తిండి పెట్టకపోతే అడగడానికి మనుషులున్నారు. పరాయి పిల్ల ఆకలి గురించి అడగాలంటే మాత్రం ఊరు కదలాలి. కదలని ఊళ్లో పశువులే ఎదుగుతాయి, పిల్లలు ఎదగరు.