స్తెల్లా కళ్ళు మూసుకునే చోటు

పొద్దున్నే యాత్రికులు ఓడ దిగేసరికి జుస్తా వ్యాను తలుపు తెరిచి నిలబడి ఉండేది. ఒక్కరోజులో గోజో దీవి మొత్తం చూపించాలి. సగం దారి నేల మీద, సగం నీటి మీద. నేల మీద తిప్పడం జుస్తా పని, నీటి మీద తిప్పడం ఆమె మామగారు విస్తీన్ పని. కోట, పాతకాలపు రాతి గుడులు, ఉప్పు మడులు, మధ్యాహ్నం గొర్రెపాల చీజూ టమాటాలూ పెట్టిన రొట్టె, ఆ తరవాత ద్వేయ్రా రేవులో పడవ. ఆ కబుర్లు చెప్పీ చెప్పీ ఎంత అలవాటైపోయాయంటే, నోరు దాని పాటికి అది చెప్పుకుపోతుంటే ఆమె మనసు ఎక్కడెక్కడో తిరిగొచ్చేది.

ఎక్కడికి పోతుందో ఊరందరికీ తెలుసు. రెండేళ్ళ కిందట, లంపూకి చేపలు పడే రోజుల్లో, ఆమె మొగుడు నార్డు, స్తెల్లా అనే ఈ పడవే వేసుకుని ఒంటరిగా వేటకి వెళ్ళాడు. సాయంత్రానికి పడవ ఒక్కటే తిరిగొచ్చింది. రేవుకీ సముద్రానికీ మధ్యనున్న కొండ సొరంగంలోంచి దారి తప్పకుండా వచ్చి, రేవులో తన చోట తాను ఆగింది. దానికేం, కళ్ళున్నాయి కదా. గోజోలో ప్రతి పడవకీ ముందు కొసన, అణియానికి అటొకటి ఇటొకటి కళ్ళుంటాయి. ఎండకి అవి చికిలిస్తాయి, భోజనాలవేళ కునుకు తీస్తాయి, ఉప్పుగాలి కొట్టిన రోజున నీరు కారుస్తాయి. పడవలవాళ్ళు ఇంటికెళ్ళేముందు తడిగుడ్డతో వాటిని తుడిచి మరీ వెళ్తారు.

ఆ కళ్ళ కింద మీసంలా ఒక పట్టీ ఉంటుంది. ఇంట్లో ఎవరైనా పోతే దానికి నల్లరంగు వేస్తారు. స్తెల్లా మీసం ఇంకా పసుపుపచ్చగానే ఉంది. శవం దొరకలేదు గనక కొడుకు పోలేదని విస్తీన్ పట్టు. మీసం నల్లబడలేదు గనక ఫాదర్ అంజ్లు ఆత్మశాంతి పూజ చెయ్యలేదు. పూజ జరగలేదు గనక జుస్తా విధవ కాదు, పోనీ ముత్తైదువ అనుకుందామంటే మొగుడు లేడు. ఎప్పుడైనా కన్నీళ్ళు వస్తే, బతికున్నవాడి కోసం ఏడవకూడదమ్మా, అరిష్టం అని విస్తీన్ ఆపేసేవాడు. నాదూర్లో పుట్టింటికి పోయి ఒక్కసారి భోరున ఏడవాలని ఆమెకి ఎంతో ఉండేది. తీరా బయల్దేరబోతే, నార్డు వచ్చి తలుపు తడితే తీసేదెవరని కాళ్ళు ఆగిపోయేవి. రెండేళ్ళ ఏడుపు గొంతులో అడ్డంపడి ఆమెకి తిండి సరిగా దిగేది కాదు.

పడవ మాత్రం ఆమె ఎక్కేది కాదు. ఎక్కొద్దని విస్తీనే చెప్పాడు. నీకు పడదు, ఒడ్డున కూచో అనేవాడు. తన బాధ ఎరిగి అంటున్నాడని ఆమెకి ఆయన మీద గౌరవం.

ఆ రోజు వచ్చినవాళ్ళలో ఇర్మా అని ఒక జర్మన్ ముసలావిడ ఉంది. నేల మీద ఉన్నంతసేపూ అందరి మీదా అజమాయిషీ చేసింది. మడుల దగ్గర చిటికెడు ఉప్పు నాలిక మీద వేసుకుని, మా ఊరి ఉప్పు ఇంతకంటే తెలుపు అంది. తీరా పడవ చూసేసరికి భయపడి వెనక్కి తగ్గింది. వస్తే ఈ అమ్మాయి పక్కనుంటేనే వస్తానని జుస్తా చెయ్యి పట్టుకుని, ఎంత చెప్పినా వదల్లేదు. విస్తీన్ మొహం మాడ్చుకుని ఆవిణ్ణి ఒడ్డునే ఉంచెయ్యమన్నాడు.

"పాపం, అంత దూరం నుంచి వచ్చింది మామయ్యా" అని జుస్తా ఎక్కేసింది.

సొరంగం దాటి పడవ పెద్ద సముద్రంలోకి వచ్చింది. పక్కన గోడలా నిలువు కొండ. ఇర్మాకి ధైర్యం చెప్పే పనిలో జుస్తాకి తన భయం చూసుకునే తీరిక దొరకలేదు. కొంతదూరం పోయాక కొండలో ఒక గుహ కనిపించింది. అక్కడ నీళ్ళు లోతుగా, నల్లగా ఉన్నాయి. ఆపాటికి భయం తీరిన ఇర్మా అణియం మీంచి వంగి చూసి, మీ పడవ నిద్రపోయిందే అంది.

ఈ వేళకి కునుకు తీస్తాయిలెండి అనబోయి జుస్తా ఆగింది. కునుకు వేళ ఎప్పుడో దాటిపోయింది. తనూ వంగి చూసింది. స్తెల్లా నిద్రపోవడం లేదు. చూడలేనిది ఎదురైతే మనిషి మూసుకున్నట్టు రెప్పలు గట్టిగా బిగించి ఉంది. పడవ తన మనిషిని ఎక్కడ పోగొట్టుకుంటుందో అక్కడికి వచ్చినప్పుడల్లా అలా కళ్ళు మూసుకుంటుంది. ద్వేయ్రాలో ఎవర్నడిగినా చెబుతారు. ఇక వెతికేదేమీ ఉండదు, ఫాదర్ వచ్చి ఆ నీళ్ళ మీద ప్రార్థన చేసి వెళ్తాడు.

"మామయ్యా" అంది జుస్తా, "ఎన్నాళ్ళ నుంచి?"

చుక్కాని దగ్గర విస్తీన్ తల దించుకున్నాడు. "వెతకడానికొచ్చిన మొదటి రోజు నుంచీ."

"అంటే రెండేళ్ళు నన్ను ఊరికే గుమ్మంలో కూచోబెట్టారు."

"చెప్తే నువ్వు నాదూర్ పోతావమ్మా. పోవాలి కూడా, చిన్నదానివి. మరి ఇంట్లో వాడి పేరెత్తేవాళ్ళెవరు? పొద్దున లేస్తే నార్డు చొక్కా ఆరిందా అంటావు. తినేటప్పుడు అది నార్డు కంచం, తియ్యకండి అంటావు. ఆ మాటలు వినడానికే బతుకుతున్నాను నేను."

జుస్తాకి ఒళ్ళు మండిపోయింది. ఈ ముసలాణ్ణి నీళ్ళలోకి తోసేద్దామన్నంత కోపం వచ్చింది. ఆ కోపంలోనే ఆయన మీద జాలి కూడా వేసింది. కోపం కంటే ఆ జాలే ఆమెని ఎక్కువ బాధపెట్టింది.

వెనక కూర్చున్నవాళ్ళకి ఈ భాష తెలియదు. ఎర్రటోపీ పెట్టుకున్న ఒకాయన ఫోను పైకెత్తి, ఈ గుహ పేరేమిటని అడిగాడు. దానికి పేరంటూ లేదు. రోజూ ఇక్కడికి రాగానే విస్తీన్ ఇంజను జోరు పెంచి దాటించేసేవాడు.

జుస్తా లేచి నిలబడింది. పొద్దుటి నుంచీ కోట గురించీ గుడుల గురించీ చెప్పిన గొంతుతోనే చెప్పింది.

"ఇది నార్డు గుహ. నార్డు మా ఆయన. ఇక్కడే చనిపోయాడు."

కొత్త పేరు వింటే యాత్రికులు ఒకసారి పలికి చూసుకుంటారు. వీళ్ళూ అలాగే ఒకళ్ళ తరవాత ఒకళ్ళు మెల్లిగా నార్డు అన్నారు. ఎర్రటోపీ ఆయన టోపీ తీసేశాడు. అప్పుడు జుస్తా కూలబడి ఏడ్చింది. విస్తీన్ ఇంజను ఆపేశాడు. ఇర్మా ఆమె తల తన ఒళ్ళోకి తీసుకుని వాళ్ళ భాషలో ఏదో అంటూ కూర్చుంది. ఇక వెళ్దామని ఎవరూ అనలేదు. చాలాసేపటికి స్తెల్లా కళ్ళు తెరిచింది.

ఆదివారం నాడు విస్తీన్ స్తెల్లా మీసానికి నల్లరంగు వేశాడు. పూజ అయ్యాక జుస్తా బట్టలు సర్దుకుని నాదూర్ వెళ్ళిపోయింది. ఉండమని ఆయన అడగలేదు, మళ్ళీ వస్తానని ఆమె అనలేదు. వ్యాను ఇప్పుడు వేరేవాళ్ళు నడుపుతున్నారు. ఇంట్లో చొక్కా గురించీ కంచం గురించీ మాట్లాడే మనిషి లేదు.

విస్తీన్‌కి పరాయివాళ్ళ ముందు నోరు విప్పడం ఎప్పుడూ చేతకాదు. అయినా ఆ చోటికి రాగానే ఇంజను ఆపి లేచి నిలబడతాడు. ఇది నార్డు గుహ, నార్డు మా అబ్బాయి అంటాడు. ఏయే దేశాలవాళ్ళో, వచ్చీరాని మాటల్లో ఆ పేరు పలుకుతారు. కొందరికి సరిగా నోరు తిరగదు. వాళ్ళ చేత ఆయన మళ్ళీ ఒకసారి అనిపిస్తాడు.