మెలికలకు అడ్డంగా ఒక గీత

లోకమంతా తుప్పు వదిలించుకోవడానికి నానా తంటాలూ పడుతుంటే, మా ఇంట్లో దాన్ని బతిమాలి మరీ పట్టిస్తాం. మూతిలోంచి మందు కూరి పేల్చే పాతకాలపు తుపాకులకు గొట్టాలు చెయ్యడం మా పని. గురి పోటీలవాళ్ళు అడిగి చేయించుకుంటారు. సానపట్టిన గొట్టానికి తుప్పు పట్టించే నీళ్ళు పల్చగా రాసి, చెమ్మ పెట్టెలో ఉంచుతాం. ఎర్రగా తుప్పు లేచాక మరిగే నీళ్ళలో ముంచితే అది నల్లబడుతుంది. పైన పొడిలా ఉన్నదాన్ని తీగ బ్రష్షుతో దులిపేసి మళ్ళీ రాస్తాం. పూత మీద పూత పడేకొద్దీ రంగు చిక్కబడుతుంది.

ఈసారి పెట్టెలో ఉన్నది నా గొట్టం! ఇనుప పట్టీనీ ఉక్కు పట్టీనీ కలిపి మెలేసి, కడ్డీకి చుట్టి, కొలిమిలో కాల్చి అతికించింది నేను. తుప్పు పట్టించేది మాత్రం నాన్నే, ఎందుకంటే ఆ తుప్పే మాకు పరీక్ష. అతుకు సరిగ్గా పడని చోట నల్లటి గీత తేలుతుంది. తేలిందా, చేసినవాళ్ళే దాన్ని రంపంతో రెండు ముక్కలు చెయ్యాలి. ఆపైన కొలిమి ఛాయలకు రాకూడదు. మా అన్నయ్య అలాగే తన గొట్టాన్ని కోసేసి, ఇప్పుడు హాయిగా చొక్కాలు కుట్టుకుంటున్నాడు. నాకు సూదిలో దారం ఎక్కించడం కూడా చేతకాదు. కొలిమి తప్ప నాకింకేమీ వద్దు.

"తుప్పు లేచేదాకా పెట్టె తెరిచారో, చేతులు విరగ్గొడతా!" అని నాన్న అందరికీ చెప్పేశాడు. గుండెల దాకా పెరిగిన తెల్ల గడ్డం నిమురుకుంటూ పెట్టెకు కాపలా కూర్చున్నాడు. నేను కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాను.

కొన్ని పూతలయ్యేసరికి మెలికలు బయటపడ్డాయి. ఒకటి నల్లగా, ఒకటి బూడిద రంగులో, గొట్టం చుట్టూ తిరుగుతూ! ఎగిరి గంతేశాను. వంటింట్లోంచి అమ్మ గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది.

ఆ తర్వాతి పూత దులిపాక తేలింది గీత. బెత్తెడు పొడవు, కాటుకలా నల్లగా. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

నాన్న లేచాడు. గోడకున్న రంపం తీసి నా చేతికిచ్చాడు.

గొట్టాన్ని బల్లకున్న వైసు దవడల మధ్య బిగించాను. ఏడుపు తన్నుకొస్తోంది, ఏడుపుకన్నా ముందు కోపం. నాన్న మీద, గొట్టం మీద, చొక్కాలు కుట్టుకునే అన్నయ్య మీద కూడా. రంపం ఆనించబోతూ ఆఖరిసారి ఆ పాడు గీతను చూశాను. చూసి రంపం కింద పడేశాను.

"నాన్నా! అతుకు మెలిక వెంటే కదా తిరుగుతుంది? ఇది మెలికల్ని దాటుకుంటూ అడ్డంగా పోతోంది చూడు! అతుకు కాదిది!"

నాన్న భూతద్దం తెచ్చి, ముక్కు తగిలేంత దగ్గరగా వంగి చూశాడు.

"అవునే! తడి పూత మీద ఏదో పడింది. దాని కింద నీళ్ళు నిలిచి తుప్పు ఎక్కువైంది. నువ్వేగా పెట్టె తెరిచింది?"

"ఒట్టు, నేను ముట్టుకోలేదు!"

ఈలోగా మా అరుపులకు వచ్చిన అమ్మ బ్రష్షు తిరగేసి, తీగల మధ్యనుంచి ఒక వెంట్రుక లాగింది. పొడుగ్గా, మెరుస్తూ, తెల్లగా.

"ఈ ఇంట్లో గడ్డం ఎవరికుందో కాస్త చెప్తారా?" అంది.

నాన్న మొహం చూడాలి! చేతులు వెనక్కి పెట్టుకున్నాడు, విరగ్గొడతారేమోనని భయపడ్డట్టు.

"ఒక్కసారే చూశానే. ఆగలేకపోయాను. మెలికలు అంత బాగా వస్తుంటే ఎలా ఆగను?" అన్నాడు.

తిట్టబోయినదాన్ని, తర్వాతి పూతకు సీసా తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. బాగున్నాయని ఆయన నాతో అనడం అదే మొదలు.

తర్వాతి పూతలకు చుట్టూ రంగు చిక్కబడి గీత అందులో కలిసిపోయింది. ఎంత వెతికినా ఇంకో గీత తేలలేదు. చివరి పూతకు నూనె రాశానో లేదో, నాన్న గొట్టాన్ని గుడ్డతో సహా లాక్కుని వీధిలోకి పరుగెత్తాడు.

"నాన్నా, దానికింకా పిడి కూడా బిగించలేదు!" అంటూ నేను వెనకాలే పడ్డాను.

ఎదురుగా సైకిళ్ళ కొట్టాయన పంక్చరు వేస్తున్నాడు. నాన్న గొట్టాన్ని ఆయన మొహం మీదికి చాపాడు.

"చూడవయ్యా, మా అమ్మాయి మెలేసింది!"

"గొట్టమే కదా," అన్నాడాయన.

"గొట్టమే! మా అమ్మాయిది!" అంటూ నాన్న పక్క కొట్లోకి దూరాడు.